జూన్‌లో పుట్టిన పిల్లలూ, నా అబ్జెక్షన్ కాగితమూ

మొన్న ఒకమ్మాయి స్వీటు డబ్బా పట్టుకుని మా ఇంటికొచ్చింది. కొత్తగా పీఈటీ ఉద్యోగం వచ్చిందట. "ఏమైనా సలహాలు చెప్పండి మేడం" అంది. విజిలు ఎలా ఊదాలో, కబడ్డీ కోర్టు ఎలా గియ్యాలో కాలేజీలో నేర్పే ఉంటారు. నేను చెప్పేది వేరు తల్లీ. ఈ ఉద్యోగంలో సగం ఆట, సగం అనుమానం. ఆట నీకు వచ్చు. అనుమానం ఎవరూ నేర్పరు, దానంతట అదే పట్టుకుంటుంది. పట్టుకుంటే వదలదు. నన్ను పట్టుకుని నాచేత ఏమేం చేయించిందో రాస్తాను, చదివేక నీ ఇష్టం.

ముప్ఫయ్యేళ్ళ పైచిలుకు కోనసీమలోనే, జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో చేసేను. ఎప్పుడు ఏ గ్రేడు వచ్చింది, ఏ జీవో కింద జీతం సరిచేసేరు లాంటివి ఇందులో ఉండవు. అవి నాకే గుర్తు లేవు.

గేటు దగ్గర

పొద్దున్న ఫస్ట్ బెల్ కొట్టేసరికి పీఈటీ గేటు దగ్గర ఉండాలి. ఆలస్యంగా వచ్చే పిల్లలు చెప్పే కారణాలు వింటే నవ్వాలో కొట్టాలో తెలీదు. నా మొదటి బడి కొత్తపేట వైపు. లంకల్లోంచి పిల్లలు గోదావరి దాటి వచ్చేవారు. "పంటు లేటండి" అనేవారు రోజూ. పంటంటే రేవు దాటించే పెద్ద పడవ. అందరూ పాపం అనుకునేవారు. నేననుకోలేదు. ఒకరోజు పొద్దున్నే రేవుకి పోయి కూర్చున్నాను. పంటు టైముకే వచ్చింది. మన వీరులు తొమ్మిదిమంది దిగి, గట్టు మీద పుస్తకాల సంచులు పారేసి, చేపలోళ్ళ వల లాగడం చూస్తూ అరగంట నిలబడ్డారు. వెనకనుంచి వెళ్ళి "ఏమర్రా, పంటు లేటా?" అన్నాను. ఒకడు నిజంగానే నీళ్ళల్లోకి దూకేశాడు!

ఆ రోజు నుంచి నన్ను చూస్తే పిల్లలకి హడలు. నాకేమో గర్వం. ఎవరేం చెప్పినా ముందు అబద్ధమనుకోవాలి, తర్వాత రుజువైతే చూద్దాం అనే పాడు అలవాటు అప్పుడే మొదలైంది.

ఆడపిల్లలు డ్రిల్లు పీరియడ్‌లో "కడుపునొప్పండి" అని కూర్చునేవారు. వారంలో ఒకరోజైతే సరే. రోజూ నలుగురైదుగురు! నటన అనుకున్నాను. ఎండలో రెండు రౌండ్లు ఎక్కువ పరిగెత్తించేను. వాళ్ళు పొద్దుటినుంచి సాయంత్రం దాకా మంచినీళ్ళు ముట్టుకోవడం లేదని, ముట్టుకుంటే వెళ్ళడానికి బడిలో పనికొచ్చే మరుగుదొడ్డి లేదని నాకు తట్టలేదు. నేను స్టాఫు రూము దగ్గరున్న దానికి వెళ్ళేదాన్ని మరి. తాళం నా దగ్గరే ఉండేది.

గ్రౌండు మీద కన్ను

ఆ బడి చరిత్ర కొంచెం చెప్పాలి. ఒక పెద్ద రైతు కుటుంబం ఇచ్చిన కొబ్బరితోటలో తాటాకు పాక వేసి మొదలెట్టేరు. తుఫానుకి పాక ఎగిరిపోతే ఊరంతా కలిసి మళ్ళీ వేసేరు, తర్వాతెప్పుడో పెంకుటిల్లు, ఆ తర్వాత డాబా. స్థలమిచ్చినాయన పేరు గేటు పక్కన రాతి మీద ఉంది. మంచిదే, ఉండాల్సిందే. కానీ ఆ తోటలో చెట్లు కొట్టి, మొదళ్ళు పెకలించి, గ్రౌండు చదును చేసిన కూలీల పేర్లు ఏ రాతి మీదా లేవు. వాళ్ళల్లో మా తాత ఒకడు. ఆయన కొడుకు, మా నాన్న, మిషన్ బడిలో చదివి టీచరయ్యేడు. నేను అదే గ్రౌండులో విజిలు వేసుకుని నిలబడ్డాను. అందుకని ఆ గ్రౌండు మీద నాకు కాస్త హక్కు ఎక్కువని లోపల్లోపల అనుకునేదాన్ని.

ఖాళీ స్థలం కనబడితే మనవాళ్ళు ఊరుకోరు కదా. కోతలప్పుడు ధాన్యం ఆరబోసేవారు. పెళ్ళికి షామియానా, మీటింగుకి స్టేజీ. గుంజలు పాతిన గోతుల్లో పడి నా పిల్లలకి మడమలు బెణికేవి. ఎవడు టేపు పట్టుకుని గ్రౌండులోకి దిగినా నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒకరోజు ఇద్దరు మనుషులు టేపుతో మూల కొలుస్తున్నారు. "ఎవరు పంపేరు? కాగితం ఏదీ?" అని విజిలు ఊదుకుంటూ పోయేను. వాళ్ళేదో చెప్పబోయేరు, విననిస్తేగా! పిల్లల్ని చుట్టూ నిలబెట్టి, "గ్రౌండు మాది" అని అరిపించేను. టేపు చుట్టుకుని వెళ్ళిపోయేరు. హెడ్మాస్టరు భాస్కరరావు గారు సాయంత్రం నన్ను పిలిచేరు. చాలా నెమ్మదస్తుడు, కోపమొస్తే ఇంకా మెల్లగా మాట్లాడతారు.

"కూర్చోండమ్మా. ఇవాళ వచ్చినవాళ్ళు ఆడపిల్లల మరుగుదొడ్లు కట్టడానికి కొలతలకొచ్చేరండి. గొడవలున్న స్థలమని రాసుకుని పోయేరు."

"నాకు చెప్పలేదండి."

"మీరు అడగలేదండి. అడిగే అలవాటు మీకు లేదు. పట్టుకునే అలవాటే ఉంది."

ఆ మరుగుదొడ్లు ఒక ఏడాది ఆలస్యమయ్యేయి. ఆ ఏడాదంతా ఆడపిల్లలు నీళ్ళు తాగలేదు. సిగ్గుపడ్డాను, నిజమే. కానీ ఆ సిగ్గు నాలుగు నెలలు కూడా నిలవలేదు. ఎందుకంటే ఆ వెంటనే నాకు పేరొచ్చింది.

గుడ్డు ఏ రోజు?

ఆటల పోటీలంటే బయటివాళ్ళకి జెండాలు, చప్పట్లు. మాకు మాత్రం అదొక పోలీసు స్టేషను. పక్క బడి టీములో పెద్దపిల్లలున్నారా, కాలేజీ వాళ్ళకి యూనిఫాం తొడిగి తెచ్చేరా అని ప్రతి పీఈటీ ప్రతి పీఈటీని అనుమానిస్తాడు. అబ్జెక్షన్ కాగితం రాసిస్తే నిర్వాహకులు విచారణ చెయ్యాలి.

ఒక పోటీలో అవతలి టీములో ఒకమ్మాయిని చూడగానే తేడాగా అనిపించింది. రెండు జడలు, రిబ్బన్లు, తొమ్మిదో తరగతి అని ఉంది. దగ్గరికి పిలిచి, బుజ్జగించి, "మీ బళ్ళో మధ్యాహ్నం భోజనంలో గుడ్డు ఏ రోజు పెట్టరమ్మా?" అని అడిగేను. గుడ్డు లేని రోజు ఏ బడి పిల్లైనా నిద్రలో లేపి అడిగినా చెప్తుంది. ఈ పిల్ల దిక్కులు చూసింది. ఇంటర్ చదువుతోంది, తీసుకొచ్చి ఆడిస్తున్నారు! టీము మొత్తాన్ని ఇంటికి పంపించేశారు.

ఆ దెబ్బతో చుట్టుపక్కల మండలాల్లో "అబ్జెక్షన్ మేడం" అయిపోయేను. నా వెనకాల నవ్వేవారు, ఎదురుగా భయపడేవారు. రెండూ నాకు ఇష్టంగానే ఉండేవి.

జూన్

ఇప్పుడు అసలు సంగతి. మన బళ్ళలో ఏ తరగతి రికార్డు తీసినా సగంమంది పిల్లలు జూన్‌లో పుట్టి ఉంటారు. బడి తెరిచేది జూన్‌లో. ఒకటో తరగతిలో వేసేటప్పుడు తల్లిదండ్రులకి తేదీ గుర్తుండదు. "వరదొచ్చిన ఏడండి", "మా అత్తగారు పోయిన నెలండి" అంటారు. మేష్టారు పిల్లని ఎగాదిగా చూసి, ఐదేళ్ళు నిండేట్టు ఒక జూన్ తేదీ వేసేస్తారు. మోసం కాదు, అదొక ఆనవాయితీ. నా పుట్టినరోజు కూడా జూనే. మా నాన్నే వేసేడు. అసలు పుట్టింది క్రిస్మస్ ముందు అని మా అమ్మ అనేది. నేను రిటైరయింది ఆ జూన్ లెక్క ప్రకారమే.

కాబట్టి జూన్ తేదీ కనబడితే నాకు వెంటనే అనుమానం. వయసు తగ్గించి వేసేరని నా లెక్క. అందరూ తగ్గించే వేస్తారు, ఉద్యోగానికి రెండేళ్ళు కలిసొస్తాయని.

ఆ ఏడు జోనల్ పోటీల్లో పధ్నాలుగేళ్ళలోపు ఆడపిల్లల కబడ్డీ. సముద్రం వైపు ఒక హైస్కూలు టీములో దుర్గ అనే ఎనిమిదో తరగతి పిల్ల. అబ్బ, ఏం ఆడిందర్రా! పొడుగు కాళ్ళు, కూతకి వెళ్తే ఇద్దరు ముగ్గుర్ని తాకి గీత మీదకి జారిపోయేది. ఆ బళ్ళో పీఈటీ పోస్టు ఖాళీ, హిందీ మేష్టారు పిల్లల్ని తీసుకొచ్చేరు. వాళ్ళు సెమీఫైనల్ ఆడుతున్నారు. మా టీము అప్పటికే ఫైనలుకి వెళ్ళింది. గెలిస్తే మా మీదకొచ్చేది ఆ పిల్లే.

లిస్టు తీసి చూసేను. పుట్టిన తేదీ జూన్.

నా దగ్గర అప్పుడు మణికంఠ అని ట్రైనింగు కుర్రమేష్టారు ఉండేవాడు. నా చేతిరాత బాగోదు. అతన్ని కూర్చోబెట్టి చెప్పేను: "వయసు ఎక్కువ అని రాయకు. వయసు మీద అనుమానం ఉంది అని రాయి. తప్పైనా మన మీదకి రాదు." అతను రాసేడు, నేను సంతకం పెట్టేను. సెమీఫైనల్ సగంలో ఇచ్చేను. ఇచ్చింది నేనని ఆ పిల్లలకి తెలీదు. ఎదుటి టీము వాళ్ళే ఇచ్చేరనుకున్నారు.

దుర్గని షామియానా కిందకి పిలిచేరు. ప్రథమ చికిత్స కోసం వచ్చిన డాక్టరు గారున్నారు. పళ్ళు చూస్తే వయసు ఉజ్జాయింపుగా తెలుస్తుందన్నారు. పిల్లలంతా చుట్టూ మూగేరు. ఎవడో మగపిల్లాడు "ఎద్దుని కొంటున్నారర్రోయ్" అని అరిచేడు. ఒకటే నవ్వులు. మన దగ్గర సంతలో ఎద్దు వయసు పళ్ళు చూసే కదా చెప్తారు. దుర్గ పెదవులు బిగించేసింది. "పర్లేదమ్మా, ఒక్కసారి" అన్నారు డాక్టరు గారు. తల అడ్డంగా ఊపింది. మూతి మీద చెయ్యి పెట్టుకుంది.

నేను వెనకనుంచి వెళ్ళి నిర్వాహకుల్లో పెద్దాయన చెవిలో, "చూపించట్లేదంటే అర్థం కాలేదా అండీ?" అన్నాను. ఆయన లిస్టులో దుర్గ పేరు కొట్టేశారు. దుర్గ లేకుండా వాళ్ళు ఓడిపోయేరు. ఫైనల్లో మేం గెలిచేం. ఆటోలో కప్పు ఊపుకుంటూ, అరుచుకుంటూ వచ్చేం. దారిలో పిల్లలందరికీ నేనే ఐస్‌క్రీములు కొనిపెట్టేను.

సముద్రం వైపు బడి

మరుసటి వేసవి బదిలీల్లో నాకు ఖాళీగా దొరికిన పోస్టు ఏదనుకున్నారు? ఆ బడే! మొదటిరోజు అసెంబ్లీలో తొమ్మిదో తరగతి వరసలో దుర్గ నిలబడి ఉంది. ఆ పిల్ల నన్ను మామూలుగా చూసింది. కొత్త మేడం, అంతే.

టీముకి పిలిచేను. "ఆడనండి" అంది. "ఎందుకమ్మా?" "ఆడనండి మేడం." డ్రిల్లు పీరియడ్‌లో కూడా గోడ దగ్గరే కూర్చునేది. నెలరోజులు చూసి వాళ్ళింటికి వెళ్ళేను. రెండు గదుల ఇల్లు, వాకిట్లో చేపలు ఆరబెట్టి ఉన్నాయి. వాళ్ళమ్మ సత్యవతి రొయ్యల షెడ్డులో తలలు వలిచే పని చేస్తుంది. ఐసులో నాని వేళ్ళ చర్మం పొరలు పొరలుగా లేచిపోయి ఉంది.

"ఏం చెప్పమంటారండి మేడం గారూ. అక్కడెవరో దీని పళ్ళు చూడమన్నారంటండి, గొడ్డుని చూసినట్టు. అందరూ నవ్వేరంట. ఇంటికొచ్చి రెండ్రోజులు అన్నం తిన్లేదండి. పదో తరగతి అయిపోతే నాతో షెడ్డుకే తీసుకుపోతానండి. అంతకన్నా నా వల్ల కాదు."

"వయసు సంగతి ఏంటమ్మా అసలు?" అని అడిగేను. అప్పటికీ నాలో పురుగు చావలేదు చూడండి, ఇంకా రుజువు కావాలి నాకు.

ఆవిడ ట్రంకుపెట్టెలోంచి ఆస్పత్రి కార్డు తీసింది. టీకాలు వేసేటప్పుడు ఇచ్చేది. పుట్టిన తేదీ ఉంది. లెక్క వేసేను. మళ్ళీ వేసేను. బడిలో రాసిన దానికన్నా దుర్గ ఒక ఏడాది చిన్నది!

"ఆయ్, మరేనండి. నేను షెడ్డుకెళ్తే చూసేవాళ్ళు లేరని, ఇక్కడి మేష్టారు ఒక ఏడు ఎక్కువేసి ముందే ఒకట్లో చేర్చుకున్నారండి. పుణ్యాత్ముడు."

నాకు తల కొట్టేసినట్టయింది. తగ్గించే వేస్తారనుకున్నాను. పెంచి కూడా వేస్తారని ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్కసారీ అనుకోలేదు. ఆ రోజు షామియానా కింద నిలబెట్టింది పన్నెండైనా నిండని పిల్లని.

ఇంకో సంగతి అప్పుడే తెలుసుకున్నాను. రాష్ట్రస్థాయిలో ఆడిన సర్టిఫికెట్ ఉంటే స్పోర్ట్స్ హాస్టల్లో ఇంటర్ సీటు వస్తుంది. తిండి, పడక, చదువు అన్నీ అక్కడే. దుర్గకి షెడ్డు తప్పాలంటే అదొక్కటే దారి. అది మూసింది నేను కాబట్టి తెరవాల్సింది కూడా నేనే అనుకున్నాను.

దసరా దాకా బతిమాలేను. చివరికి గ్రౌండుకొచ్చింది. ఎన్నోసార్లు చెప్పేద్దామనుకున్నాను, "ఆ కాగితం నాదే" అని. చెప్తే మళ్ళీ గోడ దగ్గరికి పోతుందేమో, సీటు పోతుందేమో అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది సాకు. నాకు భయం వేసింది, అదీ నిజం. ఆ పిల్ల నన్ను "మా మేడం" అనడం మొదలెట్టింది మరి. మోకాలికి దెబ్బ తగిలితే ముందు నా దగ్గరికే వచ్చేది.

మళ్ళీ షామియానా

పదో తరగతిలో ఉండగా పదిహేడేళ్ళలోపు సెలక్షన్లు. ఇక్కడ నెగ్గితే జిల్లా టీము, అక్కడినుంచి రాష్ట్రం. మొదటి ఆటలోనే దుర్గ పదకొండు పాయింట్లు తెచ్చింది. రెండో ఆటకి ముందు మైకులో మా బడి పేరు పిలిచేరు. అబ్జెక్షన్ వచ్చింది, దుర్గ మీద. రాసినవాడు మణికంఠ. అప్పటికి అతను వేరే బళ్ళో పీఈటీ.

ఆస్పత్రి కార్డు జిరాక్సు నా బ్యాగులోనే ఉంది. కానీ ఎలా తియ్యను? బడి రికార్డుకీ కార్డుకీ తేదీ కలవదు. తీస్తే రికార్డు తప్పని నేనే రుజువు చేసినట్టవుతుంది, పిల్ల పూర్తిగా ఆటలోంచి పోతుంది. నిజం చేతిలో ఉండి దాచుకోవాల్సి వచ్చింది నాకు!

మణికంఠని పక్కకి పిలిచేను. "అబ్బాయ్, ఆ కాగితం వెనక్కి తీసుకో. ఆ పిల్ల సంగతి నాకు తెలుసు."

అతను నవ్వేడు. వెటకారం కాదు, నిజంగా అర్థం కాక నవ్వేడు. "అదేంటి మేడం గారూ! రెండేళ్ళ క్రితం ఈ అమ్మాయి మీదే కదండీ మీరు నాచేత రాయించేరు? అనుమానం ఉంది అని రాయమన్నారు కూడా. ఇప్పుడు మీ బళ్ళో ఉందని మీ అనుమానం పోయిందా అండీ?"

వెనక్కి తిరిగేను. మోకాలికి బ్యాండేజీ చుట్టుకుంటూ దుర్గ అక్కడే కూర్చుని ఉంది.

బ్యాండేజీ చివర జాగ్రత్తగా దోపుకుంది. లేచింది. నా పక్కనుంచి నడుచుకుంటూ షామియానా కిందకి తనే వెళ్ళింది. ఈసారి డాక్టరమ్మ గారున్నారు. ఎవరూ అడక్కముందే తల వెనక్కి వాల్చి నోరు బార్లా తెరిచింది. "ఇంకా తెరవమంటారా అండీ?" అంది. డాక్టరమ్మ గారు చూసి, "పదిహేను కూడా నిండినట్టు లేదు, ఈ పిల్ల మీద అనుమానమేంటండీ?" అని విసుక్కున్నారు.

దుర్గ ఆడింది. ఎంపికైంది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఎప్పుడూ నా పక్కన కూర్చునేది, ఆ రోజు డ్రైవరు పక్కన ఎక్కింది.

"దుర్గా" అన్నాను.

"ఆయ్, చెప్పండి మేడం."

అంత మర్యాదగా అంటే ఇంకేం చెప్తాను? మిగిలిన ఏడాదంతా అంతే. చెప్పిన టైముకి గ్రౌండుకొచ్చేది, చెప్పినన్ని రౌండ్లు పరిగెత్తేది. "ఆయ్ మేడం." అంతకుమించి ఒక్క మాట లేదు. రాష్ట్రానికి ఆడింది, సర్టిఫికెట్ వచ్చింది, హాస్టల్లో సీటు వచ్చింది.

జూన్‌లో టీసీ కోసం తల్లీకూతుళ్ళు బడికి వచ్చేరు. నా సర్వీసు కూడా ఆ నెలాఖరుకి ఆఖరు. సత్యవతి గేటు దగ్గర నా రెండు చేతులూ పట్టుకుంది. ఎండురొయ్యల పొట్లం చేతిలో పెట్టింది.

"మా పిల్లని మళ్ళీ ఆటకి తెచ్చింది మీరేనండి మేడం గారూ. ఆ రోజు దీని పళ్ళు చూడమన్న మహాతల్లో మహానుభావుడో, ఎవరో గానీ, దీని ఉసురు తగిలి తీరుద్దండి. మీరు మాత్రం పిల్లాపాపల్తో చల్లగా ఉండాలి."

అంటే వాళ్ళమ్మకి చెప్పలేదన్నమాట! దుర్గ వెనకాల నిలబడి నా మొహంలోకే చూస్తోంది. ఇక ఊరుకోలేకపోయేను. "సత్యవతీ, ఆ రోజు ఆ కాగితం..." అని మొదలెట్టేను.

"అమ్మా, పద. బస్సొచ్చేస్తాది. మేడం గారికి క్లాసుంది" అంది దుర్గ, తల్లి చెయ్యి పట్టుకుని.

నాకు క్లాసేం లేదు. ఆ సంగతి దుర్గకి తెలుసు. వాళ్ళమ్మ బాధపడుతుందని ఆపిందో, చెప్పేసుకుని తేలికైపోయే అవకాశం నాకు ఇవ్వకూడదని ఆపిందో, నాకు ఇప్పటికీ తెలీదు. ఇద్దరూ బస్సెక్కేరు. సత్యవతి కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉంది. నేనూ ఊపేను.